ఓటమిని గురువుగా గైకొన్న నిర్మాత: సర్ ఆర్థర్ కాటన్

మానవ జీవితమున జయాపజయములు రేయింబవళ్ళవలె ఒకదాని వెంట నొకటి వచ్చుచుండును. జయము కలిగినపుడు పొంగుటయు, అపజయము కలిగినపుడు క్రుంగుటయు సామాన్యుల లక్షణము. ఓడిన చోటనే నిలిచి, ఓటమికి కారణమేమో తరచి చూచి, తెలిసికొన్న దానితో మరల కట్టుటకు పూనుకొనువాడు వేయింటి కొక్కడుండును. పరదేశమున పుట్టి, పరమతమున పెరిగి, తెలుగునేల కొఱకు తన ఆయుష్షును ధారవోసిన సర్ ఆర్థర్ కాటన్ దొర అట్టివారిలో ఒకరు.

కోనసీమలో వైనతేయ గోదావరి ఒడ్డున అప్పనపల్లి యను గ్రామము కలదు. వైనతేయమునకును వసిష్ఠకును నడుమ నున్న ఆ భూభాగమును పూర్వపు లెక్కలలో నగరము దీవి యనిరి. రెండు ప్రక్కల నది, దక్షిణమున సముద్రము. నేడు ఆ త్రోవను బోవువారికి కొబ్బరితోటలును, వరిచేలును, పంటకాలువలును తప్ప మరొకటి కానరాదు. ఆ పచ్చదనము సృష్ట్యాదినుండి అట్లే యున్నదని తలంచుట సహజము. కాని నూట ఎనుబది ఏండ్లకు పూర్వము ఆ దీవికి నలువైపుల నీరున్నను, చేనికి మాత్రము ఆకాశమే దిక్కు. ఆ స్థితి ఎట్లు మారినదో తెలిసికొనుటకు కాటన్ దొర జీవితమును మొదటినుండి చూడవలెను.

ఎండిన నేల, తరిగిన జనము

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున రాజమహేంద్రవరము జిల్లా స్థితి మిక్కిలి దయనీయముగా నుండెను. వాన కురిసిన యేడు పంట, కురియని యేడు పస్తు. వాన అధికమైనచో గోదావరి గట్లు త్రెంచుకొని ఊళ్ళపై బడెడిది. వాన లేనిచో అదే గోదావరి ఇసుకతిన్నెల నడుమనుండి సముద్రమునకు బోవుచుండగా, ఒడ్డున నున్న రైతు ఎండిన చేనిని జూచి కన్నీరు నింపుకొనెడివాడు. 1832–33లో, నందన నామ సంవత్సరమున, వచ్చిన కఱవు గుంటూరు సీమను తుడిచిపెట్టెను. డొక్కల కఱవని జనులు చెప్పుకొనునది అదియే. ఆ దెబ్బ గోదావరి సీమకును తగిలెను. 1839 నవంబరులో కోరంగి తీరమున ఉప్పెన విరుచుకొని పడెను. ఇదే కాలమున కుంపిణీవారు ఈ సీమలో నేతబట్టల కొనుగోలు మానుకొనిరి. సీమబట్టలు అంగళ్ళకు దిగెను. వేలకొలది మగ్గములు మూలబడెను. పొలము లేని నేతగాడును, నీరు లేని రైతును ఒకే త్రోవను వలస పట్టిరి.

జనాభా లెక్కలే ఇందులకు సాక్ష్యము. 1821లో ఈ జిల్లా జనసంఖ్య 7,38,308. ఇరువది ఏండ్లు గడచి 1841 వచ్చునప్పటికి అది 5,61,041 అయ్యెను. పెరుగవలసిన జనము లక్షా డెబ్బదియేడు వేలు తరిగిపోయెను. వీరిలో కొందరు మరణించిరి, కొందరు ఊరు విడిచిపోయిరి.

గోదావరి నీటిని పొలములకు మళ్ళింపవలెనన్న తలంపు అంతకు పూర్వమే కొందరికి కలుగకపోలేదు. పదునెనిమిదవ శతాబ్దపు చివర మైకేల్ టాపింగ్ అను సర్వేయరు కృష్ణా గోదావరీ తీరములను కొలిచి, సేద్యపు పనులకు పథకములు వ్రాసెను. అతడు 1796లో మచిలీబందరున మరణించెను. అతనితో ఆ ప్రయత్నమును ఆగిపోయెను. తరువాత ఏబది ఏండ్లపాటు గోదావరి సముద్రముపాలగుచునే యుండెను.

జననము, విద్య, తొలి కొలువు

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు సీమలోని వుడ్‌కోట్ గ్రామమున జన్మించిరి. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆ దంపతుల పదునొకండుగురు కుమారులలో ఆర్థర్ పదవవాడు. అంతటి సంసారమున ప్రతి కుమారుడును తన బ్రదుకు తాను చూచుకొనవలసినవాడే. ఆర్థర్ చిన్ననాటనే కుంపిణీవారి అడిస్‌కంబ్ సైనిక విద్యాలయమున చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము పొందిరి. 1821లో మద్రాసు చేరునప్పటికి ఆయనకు పదునెనిమిది ఏండ్లు.

మొదటి ఏండ్లలోనే ఆయనను దక్షిణపు జిల్లాల చెరువుల శాఖకు పంపిరి. కోయంబత్తూరు, మధుర, తిరునెల్వేలి, తంజావూరు, తిరుచిరాపల్లి సీమలలో తిరుగుచు ఆయన పాత చెరువులను, తూములను, కలుజులను, కాలువలను కొలిచిరి. కళాశాలలో గణితము నేర్చుకొనివచ్చిన ఆ యువకునకు రెండవ బడి ఆ చెరువుగట్లే. ఈ దేశపు పల్లెటూరి పనివారు ఎట్టి యంత్రము లేకయే నీటిని ఎట్లు అదుపున పెట్టిరో అచట కన్నులార చూచిరి. పాంబను కాలువను సర్వే చేసిరి. 1824లో బర్మా యుద్ధము రాగా అందులకును వెళ్ళిరి. ఆ అడవులనుండి జ్వరపీడితులై తిరిగివచ్చిరి. ఆనాటినుండి అనారోగ్యము ఆయనను చాలకాలము వదలలేదు.

కావేరి నేర్పిన పాఠములు

1828లో కావేరి పరిశోధన ఆయనకు అప్పగింపబడెను. తిరుచిరాపల్లికి ఎగువన కావేరి రెండుగా చీలును. ఉత్తరపు పాయ కొల్లిడము, దక్షిణపు పాయ కావేరి. తంజావూరు మాగాణమంతయు దక్షిణపు పాయపై ఆధారపడినది. కొల్లిడము మార్గము పల్లము, తిన్ననిది. కనుక ఏటేట నీరంతయు అటు పోవుచు, కావేరి మొగదల ఇసుక మేటలువేయుచుండెను. ఏటా మేట త్రవ్వించుటయే మందని పూర్వపు అధికారులు తలంచిరి. త్రవ్విన ఇసుక మరుసటి వరదకే తిరిగి వచ్చుచుండెను. కొల్లిడమున కడ్డముగా ఆనకట్ట కట్టుటయే ఉపాయమని కాటన్ నిశ్చయించిరి. కాని నదిగర్భమున ఎంతలోతు త్రవ్వినను ఇసుకయే. ఇసుకపై గోడ ఎట్లు నిలుచును?

ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథములలో దొరకలేదు. దిగువన, కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధి గాంచిన కల్లణై యందు దొరకెను. ఆ పురాతన ఆనకట్ట ఇసుకపైననే నిలిచియున్నది. పెద్ద రాతిగుండ్లను ఇసుకపై పడవైచినచో, ప్రవాహము వాని క్రింది ఇసుకను తోడుకొనిపోవును, గుండ్లు దిగిపోవును. వానిపై మరల గుండ్లు వేయవలెను. అవియు కొంత దిగును. అట్లు వేయగా వేయగా ఒకనాటికి రాయి ఇక దిగని స్థితి వచ్చును. అంతకు పూర్వము మునిగిన రాళ్ళే అప్పుడు పునాది. ఇసుకలో పునాది వేయు ఈ విద్యను తాము ఈ దేశపు ప్రాచీనులనుండియే నేర్చుకొంటిమని కాటన్ తరువాతి కాలమున వ్రాసిరి. పాలించు జాతికి చెందిన అధికారి, పాలింపబడు ప్రజల పూర్వికులను గురువులుగా నంగీకరించుట ఆ దినములలో సామాన్య విషయము కాదు.

1836లో కొల్లిడముపై ఎగువ ఆనకట్టయు, దిగువ ఆనకట్టయు ముగిసెను. తంజావూరు మాగాణమునకు కావేరి నీరు తిరిగి వచ్చెను. కాని అంతటితో కథ ముగియలేదు. నూతన ఆనకట్ట కొల్లిడమును బంధించుటతో ప్రవాహము కావేరివైపు అధికముగా మళ్ళెను. కావేరి గర్భము కోసుకొనిపోవుచు లోతగుచుండెను. ఆనకట్టకు ఎగువన కొల్లిడమున మేట పెరుగుచుండెను. ఒక దోషమును సరిదిద్దబోగా దానికి ఎదురు దోషము తలయెత్తెను. ఆ ఆనకట్ట ఎత్తును కొంతమేర తగ్గించి, కావేరి మొగదల మరియొక అడ్డుకట్ట కట్టి, రెండు పాయలకును సమతూకము కుదుర్చుటకు దాదాపు పదియేండ్లు పట్టెను. నదిని ఒకచోట ముట్టుకొన్నచో అది మరొకచోట బదులు చెప్పును. నీటిని నిలుపుట యెంత ముఖ్యమో, ఇసుకను పోనిచ్చుటయు అంత ముఖ్యము. ఈ రెండు పాఠములును కావేరి నేర్పినవే. గోదావరిలో అవి అక్కరకు వచ్చెను.

ఇంతలో ఆయన ఆరోగ్యము చెడెను. సెలవుపై టాస్మేనియా దీవికి వెళ్ళవలసి వచ్చెను. అచటనే 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్ అను కన్యను వివాహమాడిరి. తిరిగివచ్చిన పిమ్మట ఆయనను విశాఖపట్టణమునకు పంపిరి. ఆ నియామకమే ఆయనను గోదావరి దరికి చేర్చెను.

గోదావరి పిలుపు

గోదావరి జిల్లా దుస్థితిని విచారించుటకు ప్రభుత్వము సర్ హెన్రీ మాంట్‌గోమరీని నియమించెను. నదీజలమును వినియోగించుటయే ఈ జిల్లాకు మార్గమని అతడు 1844లో నివేదించెను. అదే యేడు కాటన్ దొర డెల్టా యంతయు తిరిగి, నేల వాలును, నది వరవడిని పరిశీలించి తొలి నివేదిక సమర్పించిరి. 1845లో రెండవ నివేదిక పంపిరి.

ఆ నివేదికల సారము సామాన్యునకును బోధపడునట్టిదే. డెల్టా నదులు తాము తెచ్చిన ఒండ్రుతో తమ ఒడ్డులను తామే ఎత్తు చేసికొనును. కనుక ఒడ్డు మెరక, ఒడ్డునుండి దూరమగుకొలది నేల పల్లము. డెల్టా శిరస్సున నీటిని కొలది అడుగులు పైకెత్తినచో చాలును, ఎట్టి యంత్రము లేకయే అది కాలువల వెంట సముద్రతీరము వరకు పారగలదు. అందులకు తగిన చోటు ధవళేశ్వరము. పాపికొండల ఇరుకునుండి బయటపడిన గోదావరి అచట సుమారు నాలుగు మైళ్ళ వెడల్పున పరచుకొని, నడుమ లంకలను వదలి, పాయలుగా పారును. వెడల్పు హెచ్చుగా నున్నందున వరద ఉధృతి కొంత తగ్గును. లంకలు ఉన్నందున కట్టవలసిన రాతిపని తగ్గును. ప్రక్కనే ధవళేశ్వరపు కొండ యున్నందున రాతికి కొఱత లేదు. ఇతరులు వెడల్పును జూచి భయపడిన చోటును, ఆ వెడల్పు కారణముననే ఆయన ఎన్నుకొనిరి.

అయినను అనుమతి సులభముగా రాలేదు. ఇంత పెద్ద నదిపై ఇసుకలో కట్టిన గోడ నిలుచునా యని కొందరును, ఖర్చు తిరిగి వచ్చునా యని కొందరును శంకించిరి. ఎట్టకేలకు 1846 డిసెంబరులో లండనునుండి అంగీకారము లభించెను. 1847 ఏప్రిలులో పని ప్రారంభమయ్యెను.

అయిదేండ్ల తపస్సు

కాటన్ దొర కోరినది ఆరుగురు ఇంజనీర్లను, ఎనమండుగురు సహాయకులను, రెండు వేలమంది తాపీపనివారిని. ప్రభుత్వము ఇచ్చినది పని నేర్పవలసిన ఒక యువకుని, సర్వే నేర్చుకొనుచున్న ఇద్దరిని, కొలదిమంది తాపీపనివారిని. ఆయన నిరాకరింపక, దొరికిన వారితోనే పని మొదలిడి, రానివారికి పని నేర్పించుచు నడిపించిరి. ఆ నేర్పు పొందినవారిలో అగ్రగణ్యుడు వీణం వీరన్న. కూలీలను సమకూర్చుట, వారికి తిండి బత్తెములు చూచుట, దొరల మాటను జనులకును జనుల కష్టమును దొరలకును తెలుపుట, పనిని దగ్గరనుండి నడిపించుట మున్నగు భారమంతయు ఆ తెలుగుబిడ్డ మోసెను. ఆతని సహాయము లేనిచో ఈ పని నెరవేరెడిది కాదని కాటన్ దొర అంగీకరించిరి. ప్రభుత్వము వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదమిచ్చి గౌరవించెను.

పదివేలమంది కూలీలు నదిలో దిగిరి. కఱవున పొలములను గోల్పోయినవారికి ఆ కూలియే ఆనాడు కూడు. ధవళేశ్వరపు కొండనుండి రాతిని దింపుటకు ఇనుపపట్టాల త్రోవ వేసిరి. నదిగర్భమున వరుసగా బావులు దింపి, వానిని రాతితోను సున్నముతోను నింపి, వానిపై గోడ లేపిరి. గోడకు దిగువన నీరు దుమికిన చోట ఇసుక కోసుకొనిపోకుండ విశాలముగా గుండ్లు పరచిరి. ఇసుక మేటవేయకుండ దానిని త్రోసివేయుటకు ఆనకట్టలోనే తూములు అమర్చిరి. బావుల వరుస, గుండ్ల పరపు, ఇసుక తూములు కావేరి తీరమున నేర్చిన విద్యయే.

పనికి అనువైన మాసములు ఏటికి ఆరేడు మాత్రమే. తక్కిన కాలమున గోదావరిదే రాజ్యము. వరద వచ్చినపుడు అసంపూర్ణముగా నున్న చోటుల నది పరీక్షించెడిది. పాయ ఇరుకైన కొలది వడి పెరిగి, గోడ కొనల వద్ద ఇసుకను కోసివైచెడిది. రాళ్ళు దిగిపోయిన చోటులందు వరద తగ్గగనే మరల రాళ్ళు వేసి, దిగినకొలది వేయుచు, వాని నిలకడ చూచుకొని ముందుకు సాగిరి.

1848లో కాటన్ దొరకు వడదెబ్బ తగిలి ఆరోగ్యము పూర్తిగా చెడెను. పని సగములో నుండగా విశ్రాంతికై ఆస్ట్రేలియా వెళ్ళక తప్పలేదు. తలపెట్టిన వాడు లేకుండుటతో పని నిలిచిపోవునని శంకించిన వారికి సమాధానము పని స్థలముననే దొరకెను. కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున, శిక్షణ పొందిన పనివారి నేర్పున, ఆనకట్ట పెరుగుచునే యుండెను. 1850లో కాటన్ తిరిగి వచ్చి పనిని చేపట్టిరి. 1852 మార్చి చివర ఆనకట్ట పూర్తియయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములు కలిపి సుమారు నాలుగు వేల గజముల రాతికట్ట. దాని ఎత్తు పండ్రెండు అడుగులు మాత్రమే. తొలి అంచనాను మించి వ్యయమైన మాట నిజము. తరువాతి దశాబ్దములలో దానిని పలుమార్లు మరమ్మతు చేసి, ఎత్తు పెంచి, పైన తలుపులు అమర్చిరి.

నగరము దీవికి నీరు

ఆనకట్ట కట్టినంతనే పొలములకు నీరు రాదు. తూర్పు డెల్టాకు ధవళేశ్వరము వద్దను, పడమటి డెల్టాకు విజ్జేశ్వరము వద్దను, కోనసీమకు బొబ్బర్లంక వద్దను కాలువల మొగలు ఏర్పడెను. కోనసీమ కాలువ గన్నవరము వరకు వచ్చెను. కాని అచట వైనతేయము అడ్డము. ఆవలి ఒడ్డున నగరము దీవి, అందు మామిడికుదురు, నగరము, అప్పనపల్లి మున్నగు గ్రామములు. ఏటికి ఆవల నున్నందున ఈ గ్రామములను వదలివేయవలసినదేనా? కాటన్ దొర శిష్యుడగు లెఫ్టినెంట్ హెయిగ్ ఆ ఏటిపై నుండియే కాలువను దాటించుటకు పూనుకొనెను. నలుబది అడుగుల వెడల్పు గల కమానులు నలుబదితొమ్మిది కట్టి, వానిపై కాలువను పారించెను. 1850వ దశకపు ప్రారంభమున, వరదలకు నడుమ నున్న ఒక్క పనికాలములో ఆ కట్టడము లేచి నిలిచెను. క్రింద నది, పైన కాలువ, ఆ కాలువలో పడవలు. ఆనాటి జనులకు అదియొక వింత.

అది మొదలు నగరము దీవిలో వరి నాట్లు ఆకాశముపై మాత్రమే ఆధారపడుట మానెను. గన్నవరమున తరువాతి కాలమున నిర్మించిన నూతన అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆకలిగొన్న వారికి వేళ కాని వేళ అన్నము పెట్టి అపర అన్నపూర్ణ యనిపించుకొన్న ఆ గన్నవరపు ఇల్లాలి పేరు, అన్నమునకు మూలమగు నీటిని మోయు కట్టడమునకు తగియున్నది.

ఉత్తరార్ధమున ఎదురుదెబ్బలు

గోదావరి విజయమును జూచిన ప్రభుత్వము వెంటనే కృష్ణపై బెజవాడ వద్ద ఆనకట్ట కట్టించెను. ధవళేశ్వరమున పని నడిపిన ఆర్ దొరయే 1855 నాటికి దానిని పూర్తి చేసెను. కాటన్ దొరకు 1861లో సర్ బిరుదము లభించెను. జీవితకథ ఇంతటితో ముగిసినచో అది ఒక విజేత కథయై యుండెడిది. కాని ఆయన అతిపెద్ద ఓటములు ఆ తరువాతనే వచ్చెను.

దేశపు నదులన్నిటిని కాలువలతో కలిపి, సేద్యమునకును పడవల రాకపోకలకును ఉపయోగింపవలెనని ఆయన కలగనిరి. ఆ ఉద్దేశముతో ప్రైవేటు కంపెనీలు ఏర్పడెను. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్రపై సుంకేసుల నుండి కర్నూలు, కడప కాలువ త్రవ్వెను. నల్లరేగడి రైతులు అనుకొన్నంతగా నీరు తీసికొనలేదు, ఖర్చు అంచనాలను దాటెను. కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనవలసి వచ్చెను. ఒడిషాలో మరియొక కంపెనీకి పట్టిన గతియు అట్టిదే. రైళ్ళ కంటె కాలువలు మేలని ఆయన జీవితాంతము వాదించిరి. ఆ వాదమున ఆయన ఓడిరి. పెట్టుబడులన్నియు రైళ్ళకే పోయెను. 1876–78 నాటి మహాక్షామమున దక్షిణ దేశమున లక్షలమంది మరణించుచుండగా, గోదావరి డెల్టా ఆ క్షామమునకు లొంగక ఇతర సీమలకు ధాన్యము పంపెను. అయినను 1878లో పార్లమెంటు కమిటీ ముందు డెబ్బదియైదేండ్ల వృద్ధుడైన కాటన్ దొర తన లెక్కలకు, మాటలకు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెను.

ఈ ఓటములలో ఆయన దోషము లేదనుట సత్యము కాదు. గోదావరిలో నేలను, నదిని, జనులను అంత శ్రద్ధగా చదివిన ఆయన, కంపెనీల విషయమున ఒకచోట ఫలించినది అన్నిచోటుల ఫలించునని తొందరపడిరి. డెల్టా నేల వేరు, రేగడి నేల వేరు. అయినను ఆనాడు నష్టపు కాలువ యనిపించుకొన్న కర్నూలు, కడప కాలువ ఈనాటికిని రాయలసీమ పొలములకు నీరిచ్చుచున్నది. నష్టమని వ్రాసికొన్న పని తరువాతి తరములకు లాభమై నిలిచెను.

ఎదురుదెబ్బలు ఆయనను కృంగదీయలేదు. 1876లో, డెబ్బదిమూడేండ్ల వయసున, అరబ్బీ భాష నేర్చుకొనువారి కొఱకు చిన్నచిన్న వాక్యములతో ఒక ప్రథమ వాచకము ప్రకటించిరి. ఉద్యోగము వీడి డార్కింగ్ అను ఊర స్థిరపడిన పిదప, ఇంటి తోటలోనే నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేసిరి. కొలది నేలలో ఎక్కువ పండించినచో పేదకు అన్నము చౌకయగునని ఆయన నమ్మకము. ఎనుబదేండ్లు దాటినను ఆ ప్రయోగములు మానలేదు. తొంబదియారేండ్ల నిండు జీవితమును గడపి 1899 జూలై 24న అచటనే కన్నుమూసిరి. మరుసటి సంవత్సరము కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను.

నిలిచిన స్మృతి

గోదావరి జిల్లాలలో కాటన్ దొర విగ్రహము లేని పెద్ద ఊరు అరుదు. మే 15న ఆ విగ్రహములకు పూలమాలలు వేయుదురు. పుష్కరముల వేళ గోదావరిలో స్నానమాడి, పితృదేవతలతోపాటు ఆయనకును తర్పణము విడుచువారున్నారు. గోదావరీ స్నానపు సంకల్పమున ఆయన పేరును చేర్చి తలచిన పండితులున్నారు. కులము, మతము, దేశము వేరైన వానిని తమ పెద్దలలో ఒకనిగా జనులు చేర్చుకొనుటకు కారణము ఒక్కటే. ఆయన పని ఆకలి తీర్చెను.

నూరేండ్లకు పైగా నిలిచిన పాత ఆనకట్ట వృద్ధాప్యమున బలహీనపడగా, 1970లో నూతన బ్యారేజి నిర్మాణము ఆరంభమై 1982లో ముగిసెను. నూటడెబ్బదియైదు తలుపులు గల ఆ కట్టడమునకు కాటన్ పేరే పెట్టిరి. నేడు దాని క్రింద సుమారు పది లక్షల ఎకరములు సాగగుచున్నవి.

కోనసీమకు కష్టములు అంతటితో తీరలేదు. 1986 ఆగస్టులో గోదావరి ఏటిగట్లను త్రెంచి లంకలను ముంచెను. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను పడగొట్టెను. కాయ కాచు చెట్టు కూలినచో తిరిగి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అయినను రైతులు మొక్కలు నాటిరి, గట్లు పెంచిరి, ఇండ్లు కట్టుకొనిరి. ఈనాడు కనిపించు తోటలలో ఎన్నియో ఆ తుపాను తరువాత నాటినవే.

పరీక్షలో తప్పిన బాలుడు, పంట పోయిన రైతు, వ్యాపారమున దెబ్బతిన్న గృహస్థు తమ శ్రమ యంతయు ఇసుకపాలైనదని దుఃఖించుట కద్దు. వారికి ధవళేశ్వరపు ఆనకట్ట పునాదిని చూపవచ్చును. అందు మొదట వేసిన రాళ్ళు ఒక్కటియు పైకి కానరాదు. అవి ఇసుకలో దిగిపోయినవి. పైన కానవచ్చు రాయి వానిపైననే నిలిచియున్నది. దిగిపోయిన రాయి ఎందుకు దిగెనో తెలిసికొని, దానిపై మరియొకటి వేయుటకు ఓపిక పట్టినవారు కాటన్ దొర. ఆ ఓపికను మన పిల్లలకు నేర్పగలిగినచో ఆయన జీవితమును చదివిన ఫలము దక్కినట్లే.